వేరుసెనగలో దాగిన విషము

రాయదుర్గం చుట్టునున్న ఎఱ్ఱ నేలలలో వేరుసెనగ కాయ ఊరు దినములలో వాన ముఖము చాటువేయుట రైతునకు క్రొత్త కాదు. దిగుబడి తగ్గునని అతడు దిగులుపడును. కాని ఆ బెట్టలో మరియొక నష్టము కంటికి కనబడక నేలలోనే మొదలగును. అది బూజు వలన కలుగు విషము.

ఈ విషము సంగతి మొదట బయటపడినది ఇంగ్లండులో. 1960వ సంవత్సరమున అచ్చట లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలలలో చచ్చినవి. కారణము తోచక దానిని 'ఎక్స్ వ్యాధి' యనిరి. వాటి మేతలో కలిపిన వేరుసెనగ పిండిని పరీక్షింపగా, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు తయారుచేసిన విషము అందులో కనబడినది. బూజు పేరులోని అక్షరములనే కూర్చి ఆ విషమునకు 'అఫ్లటాక్సిన్' అని పేరు పెట్టిరి. అది ముఖ్యముగా కాలేయమును చెరచును. కొద్దికొద్దిగా చిరకాలము తిన్నచో క్యాన్సరునకు దారితీయును. వేరుసెనగకే కాదు, మొక్కజొన్నకును ఈ బెడద కలదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించిరి.

ఈ బూజు మన పొలముల మట్టిలో సహజముగ నుండునదే. తడి చాలినంత కాలము గింజ తన్ను కాపాడుకొను రసాయనములను తయారుచేసికొనును. కోతకు ముందు మూడు నుండి ఆరు వారములు బెట్ట తగిలినచో ఆ శక్తి సన్నగిల్లును, నేల వేడెక్కును, బూజునకు అదను చిక్కును. పురుగు తొలిచిన కాయలోనికి అది మరింత సులభముగ చొచ్చును. పీకిన పిదప సరిగా ఆరకముందే మూటగట్టినచో ఇంకను వ్యాపించును. అనగా పొలములో నీరు లేకపోవుటయు, మూటలో నీరు మిగులుటయు దానికి మేలే!

వేయించిన దోషము పోదా? వేడికి బూజు చచ్చును. విషము ప్రాణి కాదు, రసాయన పదార్థము. వంటింటి వేడికి అది పూర్తిగా నశింపదు.

కనుక కాయను గలగలలాడునట్లు ఆరబెట్టవలెను. గింజలో తేమ నూటికి 8 పాళ్లకు మించరాదు. ముడుతపడిన, రంగు మారిన, పుచ్చిన గింజలలోనే విషము హెచ్చుగా నుండును; వాటిని ఏరివేయవలెను. అయితే ఏరివేసినవి ఎచ్చటికి పోవుచున్నవి? చౌకగా అమ్మినచో పేదవాని పచ్చడిలోనికి. గానుగకు పోసినచో, విషములో అధిక భాగము పిండిలో నిలిచి, ఆవు మేతలోనికి. ఆవు తిన్న విషములో కొంత రూపు మారి పాలలో దిగును. ఆ పాలు త్రాగునది పసిబిడ్డ. ఏరిన గింజను తినకుండుట చాలదు. ఎవరికిని, ఏ పశువునకును పెట్టకుండుట అవసరము.

విద్యార్థులు మంచి గింజలు 100 గ్రాములు తూచి, దినదినము ఎండబెట్టి, బరువు మారనంతవరకు తూచి చూడవచ్చును. ఎండిపోయినవని మనము తలచిన గింజలలో ఎంత నీరు దాగినదో త్రాసే చెప్పును.