సముద్రం ఒడ్డున ఒక రాత్రి



ఒక్క ప్రశ్న. మీరు ఇల్లు వదిలి రాత్రి బయట ఎప్పుడు పడుకున్నారు?

పురిటికి పుట్టింటికి పోయినప్పుడు. ఆసుపత్రిలో రోగి పక్కన కూచున్నప్పుడు. ఎవరో పోయారని కబురు వస్తే పోయినప్పుడు. మహా అయితే తిరనాళ్లకు, మొక్కు తీర్చడానికి.

"చూడాలనిపించింది, అందుకని వెళ్లాను" అని చెప్పగలవాళ్లు మనలో ఎంతమంది?

సముద్రం మనకు దూరం కాదు. అయినా చూడనివాళ్లు చాలామంది ఉన్నారు. "డబ్బేది? తోడేది? ఆడవాళ్లం రాత్రిపూట ఎట్లా?" అంటారు. ఈ మూడు ప్రశ్నలూ మంచివే. మూడింటికీ జవాబు ఉంది. ఆ జవాబు కాగితం మీద రాసుకోవాలి. మనం నేర్చుకున్న చదువు ఇక్కడే పనికొస్తుంది.

ఎక్కడికి వెళ్దాం?

మన తీరం పొడవునా చూడదగ్గ చోట్లు ఉన్నాయి. ఉదాహరణకు సూర్యలంక తీసుకుందాం. ఇది బాపట్ల దగ్గర ఉంది. ఊరి నుంచి సముద్రం సుమారు 9 కిలోమీటర్లు. బాపట్ల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయింది.

సూర్యలంకలో పొడవైన ఇసుక తీరం ఉంది. వెనక సరుగుడు తోటలు ఉన్నాయి. కార్తీక మాసంలో సముద్ర స్నానానికి జనం వేలకొద్దీ వస్తారు.

గుంటూరు వైపు వాళ్లు పొన్నూరు మీదుగా బస్సులో బాపట్ల చేరవచ్చు. రైలు దారి కూడా ఉంది. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే దారిలో తెనాలి, నిడుబ్రోలు దాటాక బాపట్ల వస్తుంది. తర్వాత చీరాల. అన్ని బండ్లూ అన్ని స్టేషన్లలో ఆగవు. ఎక్కే ముందే "ఈ బండి బాపట్లలో ఆగుతుందా?" అని అడగాలి. రైలు సంగతులకు 139 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

బాపట్ల నుంచి సముద్రానికి ఆటోలు ఉంటాయి. బస్సు వేళలు బస్టాండులో విచారణ కిటికీ దగ్గర అడగండి. తిరుగు బస్సు వేళ ముందు అడగండి. వెళ్లే వేళ తర్వాత అడగండి. వెళ్లడం ఎట్లాగైనా వెళ్తాం. రావడమే కష్టం.

బస్సు ఖర్చు

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. దీని కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపాలి. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. డబ్బు లేకపోయినా ఆ టికెట్టు తీసుకోవాలి. దిగేదాకా జాగ్రత్తగా ఉంచుకోవాలి.

తెలంగాణలో ఇలాంటి పథకం మహాలక్ష్మి పేరుతో 2023 డిసెంబరు 9న మొదలైంది. అది తెలంగాణ లోపల తిరగడానికే. అక్కడి నుంచి వచ్చే అక్కలు సరిహద్దు దాటాక ఖర్చు లెక్క వేసుకోవాలి.

ఏ బస్సయినా ఎక్కే ముందు దాని మీద రాసింది చదవండి. ఊరి పేరు చదవండి. ఏ రకం బస్సో చదవండి. సూపర్ లగ్జరీ బస్సు ఎక్కి, ఉచితం అనుకుంటే చిక్కు మనకే.

లెక్క వేద్దాం

పొదుపు సంఘంలో పది మంది బయలుదేరుతున్నారు అనుకుందాం. కింది అంకెలు లెక్క చూపడానికి వేసినవి. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

బస్సు: 0
ఆటో, రానూ పోనూ: 600
బస: 2,000
తిండి సరుకులు: 900
మంచినీళ్లు: 100
మందులు, టార్చిలైటు బ్యాటరీలు: 200
ఆపదకు చేతిలో ఉంచుకునేది: 1,200
మొత్తం: 5,000 రూపాయలు

పది మందికి పంచితే ఒక్కొక్కరికి 500. వారానికి 50 చొప్పున పక్కన పెడితే పది వారాల్లో సమకూరుతుంది. ఆపదకు ఉంచిన డబ్బు ఖర్చు కాకపోతే మనిషికి 120 తిరిగి వస్తుంది. అప్పుడు అసలు ఖర్చు 380 రూపాయలే.

డబ్బంతా ఒకరి దగ్గర పెట్టకండి. ముగ్గురి దగ్గర పెట్టండి. ఒకరు లెక్క రాయండి. సాయంత్రం అందరికీ చదివి వినిపించండి.

ఎప్పుడు వెళ్లాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువ. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకే జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. ఎండ తక్కువ. వాన తక్కువ.

బయలుదేరే ముందు రోజు వాతావరణం వార్తలు వినండి. తుపాను వచ్చేట్టు ఉంటే రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేస్తారు. దానికి 1 నుంచి 11 దాకా నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఏ నంబరు ఎగరేసినా మన ప్రయాణం ఆపాలి. సముద్రం ఎక్కడికీ పోదు. మళ్లీ వెళ్లవచ్చు.

రాత్రి ఎక్కడ పడుకోవాలి?

ఒడ్డున రాత్రి ఉండనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. కొన్ని రోజుల్లో పోలీసులు జనాన్ని నీళ్ల దగ్గరికే పోనివ్వరు. అందుకని ఇద్దరు ముందుగా వెళ్లి అడిగి రావాలి. లేదా ఫోను చేసి అడగాలి. ఒడ్డున ఉండనివ్వకపోతే గదులు తీసుకుని కలిసి పడుకోండి. సాయంత్రం, తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్లండి.

అనుమతి దొరికితే ఇసుక మీద పడుకోవచ్చు. కానీ చోటు చూసుకోవాలి. ఇసుక మీద గవ్వలు, నాచు, పుల్లలు ఒక గీతలాగా పడి ఉంటాయి. నీరు అక్కడిదాకా వచ్చిందని అర్థం. ఆ గీతకు చాలా పైన పట్టా పరచుకోవాలి.

సముద్రం రోజంతా ఒక్కచోట ఉండదు. నీరు పైకి రావడాన్ని పోటు అంటారు. వెనక్కి తగ్గడాన్ని ఆటు అంటారు. సుమారు ఆరు గంటలు పోటు, ఆరు గంటలు ఆటు. చంద్రుడూ సూర్యుడూ నీటిని లాగడం వల్ల ఇలా జరుగుతుంది. పున్నమికీ అమావాస్యకూ ఇద్దరి లాగుడూ కలుస్తుంది. ఆ రోజుల్లో పోటు మిగతా రోజులకంటే పైకి వస్తుంది. సాయంత్రం పొడిగా ఉన్న చోటు అర్ధరాత్రికి తడవవచ్చు.

పగలు గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. మంచు కురిసి దుప్పట్లు తడుస్తాయి. కింద ఒక పట్టా, పైన ఒక పట్టా ఉండాలి.

సరుగుడు తోటలో పొయ్యి వెలిగించకండి. రాలిన ఆకు ఎండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

అందరూ ఒకేసారి నిద్రపోవద్దు. ఇద్దరిద్దరు వంతులు వేసుకుని మేలుకోండి. ఎవరూ ఒంటరిగా చీకట్లోకి పోవద్దు. మరుగుదొడ్డి ఎక్కడుందో వెలుతురు ఉండగానే చూసుకోండి. ఇది సిగ్గుపడే విషయం కాదు. ఆడవాళ్ల ప్రయాణంలో మొదట అడగాల్సిన విషయం. నెలసరికి కావలసినవి కూడా సంచిలో పెట్టుకోండి.

ఏం తీసుకుపోవాలి?

పులిహోర ఒక రాత్రి నిలవ ఉంటుంది. పెరుగన్నం పులిసిపోతుంది. అటుకులు, మరమరాలు, వేరుశనగ ఉండలు తేలిక. సముద్రం నిండా నీళ్లే. అయినా గుక్కెడు తాగలేం. తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. మనిషికి మూడు నాలుగు లీటర్లు మంచినీళ్లు ఉండాలి.

రెండు టార్చిలైట్లు, ఒక పొడవైన తాడు, మూత ఉన్న ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఒక విజిల్ తప్పనిసరి. తాడు, డబ్బా ఎందుకో కింద చదవండి.

అన్నిటికంటే ముఖ్యం: సముద్రం లాగుతుంది

సముద్రం చూడగానే పరుగెత్తి దిగాలనిపిస్తుంది. ప్రాణాలు పోయేది అక్కడే. ప్రతి ఏటా మన తీరంలో స్నానానికి దిగినవాళ్లు మునిగి చనిపోతున్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఎందుకని?

అలలు నీళ్లను ఒడ్డుకు తెస్తాయి. ఆ నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి కదా! కొన్ని చోట్ల అవన్నీ ఒకే పాయగా చేరి, వేగంగా లోపలికి పోతాయి. ఆ పాయలో మనిషి ఉంటే మనిషినీ తీసుకుపోతాయి.

ఆ పాయను ఎలా గుర్తుపట్టాలి? రెండు పక్కలా అలలు విరుగుతుంటాయి. మధ్యలో మాత్రం అలలు తక్కువ. నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనబడుతుంది. రంగు మారి ఉండవచ్చు. నురుగు లోపలికి పోతూ ఉండవచ్చు. "ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాం" అనుకుంటాం. నెమ్మదిగా కనబడే ఆ చోటే ప్రమాదం.

ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటవద్దు. చీర తడిస్తే బరువెక్కుతుంది. కాళ్లకు చుట్టుకుంటుంది. చీకటి పడ్డాక ఎవరూ నీళ్లలో దిగవద్దు. ఒడ్డున ఉన్న హెచ్చరిక బోర్డు ముందు చదవండి. చదువు రానివాళ్లు పక్కన ఉంటే వాళ్లకూ చదివి వినిపించండి. దిగే ముందు జాలరులను అడగండి. వాళ్లు వద్దంటే వద్దు.

ఒకవేళ పాయ లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి. అలసిపోతారు. వెల్లకిలా తేలండి. చెయ్యి పైకెత్తి కేక వెయ్యండి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈదండి. పాయ దాటాక అలలే ఒడ్డుకు తెస్తాయి.

ఒడ్డున ఉన్నవాళ్లు వెనక దూకవద్దు. ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి. విజిల్ ఊది జాలరులను, గజ ఈతగాళ్లను పిలవండి. తాడుకు ఖాళీ డబ్బా కట్టి విసరండి. అది నీటిలో తేలుతుంది. మనిషి దాన్ని పట్టుకుని తేలవచ్చు.

112 కు ఫోను చెయ్యండి. అంబులెన్సుకు 108. మునిగినవాళ్లను తలకిందులుగా వేలాడదీయవద్దు. పొట్ట నొక్కవద్దు. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే, తెలిసినవాళ్లు ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదాలి. ఆలస్యం చెయ్యవద్దు.

రాత్రి అతిథి

చలికాలం చివర మన తీరానికి రాత్రిపూట తాబేళ్లు వస్తాయి. వాటిని ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అంటారు. తల్లి తాబేలు ఇసుకలో గుంట తీస్తుంది. సుమారు వంద గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి వెళ్లిపోతుంది. దాదాపు 50 రోజులకు పిల్లలు వస్తాయి. అవి వెలుతురు చూసి సముద్రం వైపు నడుస్తాయి. మనం టార్చిలైటు వేస్తే దారి తప్పుతాయి. అందుకని తాబేలు కనబడితే లైటు ఆర్పి, దూరంగా కూచుని చూడండి. గుడ్లు ముట్టుకోవద్దు. 1972 నాటి చట్టం ప్రకారం వాటికి హాని చెయ్యడం నేరం.

ఇంట్లో ఏం చెప్పాలి?

"ఆడోళ్లకు ఇప్పుడు సముద్రం ఎందుకు?" అని అడుగుతారు. పోట్లాడవద్దు. ఒక కాగితం రాసి ఇంట్లో ఇవ్వండి. ఎక్కడికి వెళ్తున్నాం, ఏ బస్సులో వెళ్తున్నాం, ఎవరెవరం, ఎక్కడ ఉంటాం, ఏ ఫోను నంబరు, ఏ వేళకు తిరిగి వస్తాం. అంతా మీ చేత్తో రాయండి. అలాంటి కాగితం చూస్తే ఇంట్లో భయం సగం తగ్గుతుంది. అంతకంటే ముందు మన భయం తగ్గుతుంది.

ఒకరోజు వంట, పాలు, పిల్లల బడి ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. మొదటిసారి కష్టమనిపిస్తుంది. రెండోసారి అలవాటవుతుంది.

పున్నమి నాడు వెళ్తే ఒక వింత చూడవచ్చు. సూర్యుడు పడమట దిగే వేళకే తూర్పున సముద్రం మీద చంద్రుడు పైకి వస్తాడు. రాత్రంతా ఆకాశంలో ఉంటాడు. తెల్లవారేసరికి ఆ సముద్రం మీదే సూర్యుడు వస్తాడు. దాన్ని చూడటానికి టికెట్టు లేదు.

పొద్దున బయలుదేరే ముందు చెత్త ఏరి సంచిలో వేసుకోండి. మనుషుల్ని లెక్క పెట్టండి. పది మంది వచ్చాం. పది మందీ తిరిగి వెళ్లాలి. అన్ని లెక్కల్లోకీ పెద్ద లెక్క అదే.

ఆలోచించండి, రాయండి

1. మీ ఊరి నుంచి సముద్రానికి ఏ ఏ బస్సులు మారాలి? ఊర్ల పేర్లు వరసగా రాయండి.
2. మీ సంఘంలో ఎనిమిది మంది వెళ్తే ఒక్కొక్కరికి ఎంత ఖర్చు అవుతుంది? లెక్క వెయ్యండి.
3. అలలు తక్కువగా ఉన్న చోట దిగకూడదు. ఎందుకు? మీ పిల్లలకు చెప్పండి.
4. ఇంట్లో ఇచ్చే కాగితం ఒకటి ఇవాళే రాసి చూడండి.