కైఫీయతులు - రాజ్యాధికారము

సాంఘిక శాస్త్ర పరిశోధనకును రాజ్యాధికారమునకును గల సంబంధమును గూర్చి ముచ్చటించునపుడు మనవారు సాధారణముగా జనాభా లెక్కలను, కులముల పట్టికలను పేర్కొందురు. తెలుగు శాఖలలో పనిచేయు మనము అంతదూరము పోనక్కరలేదు. గ్రామచరిత్రకును, వచనభాషా చరిత్రకును మనము నిత్యము తిరుగవేయు కైఫీయతులే ఆ సంబంధమునకు చక్కని నిదర్శనములు.

కల్నల్ కాలిన్ మెకంజీ 1783లో చెన్నపట్టణమునకు వచ్చిన సైనిక ఇంజనీరు. 1799లో టిప్పు సుల్తాను కూలిన పిదప మైసూరు రాజ్యమును సర్వే చేయు భారము అతనిపై పడినది. 1800లో నిజాము కంపెనీకి ఒప్పగించిన దత్తమండలములలోను తరువాత ఆ పని సాగినది. క్రొత్తగా చేజిక్కిన నేలను కొలుచుట సర్వే ఉద్దేశము. మెకంజీ అంతటితో తృప్తిపడక ఊరి పుట్టుక, ఏలిన రాజులు, దేవాలయములు, మాన్యములు, శాసనములు, ఆచారములు మొదలగువానినెల్ల అడిగించి వ్రాయింపసాగెను. దీనికి కంపెనీ అవసరముకంటె అతని సొంత జిజ్ఞాసయే ఎక్కువ కారణమని మా అభిప్రాయము. అతడు మరణించిన 1821 నాటికి 8,076 శాసన ప్రతులును, 2,070 స్థానిక చరిత్రలును సమకూడినవి. సంచయమునంతయు ప్రభుత్వము అతని భార్యయొద్ద లక్ష రూపాయలకు కొనెను.

అడిగినవారెవరు? ఏలూరు వాస్తవ్యుడైన కావలి బొర్రయ్య ఈ పనికి తొలుత దారి వేసెను. అతడు 1803లోనే చనిపోగా తమ్ముడు లక్ష్మయ్య భారము వహించెను. వీరి చేతిక్రింద గుమాస్తాలు ఊరూర తిరిగిరి. బదులు చెప్పినవాడు తరచుగా ఊరి కరణము. చెన్నపురి ప్రభుత్వము 1802లో చేసిన 29వ రెగ్యులేషను కరణపు ఉద్యోగమునకు సంబంధించినది. అదే సంవత్సరపు 31వ రెగ్యులేషను, పన్ను లేని భూములపై హక్కులు చెల్లునో చెల్లవో విచారించుటకు ఏర్పడినది. ఇవి వెలువడిన తరువాతి ఏండ్లలో కంపెనీ మనిషి యొకడు కాగితములతో వచ్చి, ఈ అగ్రహారము ఎవరిచ్చిరి, ఈ మిరాశి ఎప్పటిది అని అడిగినచో కరణము ఏమని చెప్పును? వచ్చినవాడు చరిత్ర కొరకు వచ్చెనో, జమాబందీ కొరకు వచ్చెనో ఊరివారికెట్లు తెలియును?

గుంటూరు సీమ కైఫీయతులు చదివినవారికి గోపరాజు రామన్న పేరు సుపరిచితము. కాకతీయ గణపతి మంత్రిగా చెప్పబడు ఈ రామన్న నియోగులకు కరణపు మిరాశీలు నిర్ణయించెనను కథ ఊరు తరువాత ఊరిలో ఇంచుమించు ఒకే మాటలలో వచ్చును. మేము సిద్ధాంత వ్యాసము వ్రాయునాడు, ఇన్ని ఊళ్ళు ఒకే మాట చెప్పుచున్నవి గదా, ఇది నిజమై తీరవలెనని లెక్కవేసితిమి. పలికినవి ఊళ్ళు కావనియు, ఆ మిరాశీని అనుభవించుచున్న కరణములే యనియు అప్పుడు మాకు తోచలేదు. మా పరీక్షకులకును తోచలేదు!

ఇట్లనుటచే ఆ కథ కల్పితమని మేము తీర్మానించుట లేదు. అది పదమూడవ శతాబ్దికి సాక్ష్యమగునో కాదో వేరుగా, శాసనములతో సరిచూచి తేల్చవలసిన విషయము. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో కరణము తన హక్కును ఎట్లు సమర్థించుకొనెనో తెలుపుటలో మాత్రము దానికి సాటియైన ఆధారము అరుదు. ప్రశ్న వేసినవాని అవసరమొకటి, బదులు చెప్పినవాని అవసరము మరొకటి. ఈ రెంటి నడుమ ఆ వ్రాత పుట్టినది. ఆ పొలములను దున్నిన పాలేరును పిలిచి అడిగిన జాడ వీనిలో కానరాదు. అందుచే, ఒక కైఫీయతులో ఫలానా కులము పేరు లేదు గాన ఆ ఊరిలో వారు లేరని వ్రాయు పరిశోధక విద్యార్థి మెకంజీ గుమాస్తా పొరపాటును తనదిగా చేసికొనుచున్నాడు. భాష మాట వేరు. కచేరీ తెలుగు నడక తెలిసికొన గోరువారికి ఇవి నేటికిని పెన్నిధులే.

లక్ష్మయ్య కథ మిగిలియున్నది. మెకంజీ పోయిన పిదప ఆ పరిశోధనను తానే కొనసాగింతునని అతడు ప్రభుత్వమును వేడుకొనెను. ఆ విన్నపము కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ విమర్శకు వచ్చినది. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా నున్న ఆ సంస్థ, ఇంతటి పనికి లక్ష్మయ్య అర్హతలు చాలవని తీర్పు చెప్పెను. ఊరూర ప్రశ్నలు పంపి, బదుళ్ళు రప్పించి, చదివి, తర్జుమా చేయించినవాడు అతడే. కడకు ఆ వ్రాతప్రతులను పరిశీలించు పని, వాని సేకరణతో ఏ సంబంధమును లేని విలియం టేలర్ అను క్రైస్తవ మతాచార్యునికి అప్పగింపబడినది.