చేయగలననే నమ్మకం

ఒక పనిని తాను చేయగలననే నమ్మకాన్ని సిద్ధాంతంగా వివరించినవారు అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్బర్ట్ బాండూరా. 1977లో ఆయన ప్రచురించిన ఈ సిద్ధాంతం ప్రకారం ఆ నమ్మకం పుట్టుకతో వచ్చే ధైర్యం కాదు, పనిని బట్టి మారుతుంది. లెక్కల్లో తిరుగులేని విద్యార్థికి వేదిక ఎక్కితే నోరు పెగలకపోవచ్చు.

నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం సొంత అనుభవం. పాములంటే హడలిపోయేవారితో బాండూరా చేసిన ప్రయోగాలు దీన్ని చక్కగా చూపాయి. వారు మొదట మరొకరు పామును పట్టుకోవడం చూశారు. తర్వాత చేతికి తొడుగు వేసుకుని తాకారు. చివరికి ఒట్టి చేతులతోనే పట్టుకున్నారు. తమలాంటివారి విజయాన్ని చూడడం, నలుగురి ప్రోత్సాహం, ఒంట్లో మనసులో ఉన్న స్థితి మిగిలిన ఆధారాలు. వీటిలో ఉత్త ప్రోత్సాహం బలహీనమైనది. పొగడ్తతో పెరిగిన నమ్మకం తొలి ఓటమికే కూలిపోతుంది.

సొంత అనుభవంతో పెరిగే నమ్మకానికి ఒక ఉదాహరణ, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ. ఆమె సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. భువనగిరి బండను ఎక్కడం నేర్చుకుంది, ఆపై డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో సాధన చేసింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్ట్ శిఖరాన్ని అందుకుంది. మెట్టుమెట్టుగా సాగిన ఆ శిక్షణలో ప్రతి మెట్టూ తర్వాతి మెట్టుకు నమ్మకాన్నిచ్చే సొంత అనుభవమే.

పిల్లల్లో నమ్మకం పెరగాలని కోరుకునే పెద్దలు ఉపన్యాసాలు తగ్గించి, కాస్త కష్టపడితే చేయగలిగే పనిని ముందుగా వారి చేతికివ్వాలి.