యంత్రముల నడుమ ఒడంబడిక

పూర్వము ఆంధ్రదేశమున కొలతలు ఏకరీతిగా నుండెడివి కావు. ఒక ఊరి కుంచము మరియొక ఊరి కుంచముతో సరిపోలెడిది కాదు. 1956వ సంవత్సరపు చట్టము వలన కిలోగ్రాము, మీటరు మొదలగునవి దేశమంతటికిని ఒకే కొలతలైనవి. కంప్యూటర్లకును ఇట్టి ఒడంబడికయే అవసరమైనది.

ఎన్.టి.ఆర్. జిల్లాలోని తిరువూరు నుండి ఒక వృద్ధుని వివరములు దూరపు కార్యాలయమునకు పోవలసియున్నవనుకొందము. కంప్యూటరు అక్షరముల నెరుగదు, అంకెలనే ఎరుగును. కావున ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య ఉండవలెను. తొలుత తెలుగు అక్షరములను కూర్చిన సంస్థలు తమకు తోచిన సంఖ్యలనే వాడుకొనెను. అందుచే ఒకచోట వ్రాసిన తెలుగు మరియొకచోట అర్థములేని గుర్తులుగా కనబడుచుండెడిది. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఇస్కీ అను పద్ధతిని ప్రమాణముగా ప్రకటించెను. ఆ సంవత్సరముననే వెలువడిన యూనికోడు ప్రపంచ లిపులతోపాటు తెలుగునకును 128 స్థానములను కేటాయించెను. అందు ‘త’ అక్షరమునకు 3108, గుడికి 3135 సంఖ్యలు. ‘తిరువూరు’ అను పేరున నాలుగు హల్లులును, నాలుగు గుణింతపు గుర్తులును కలవు. యూ.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున ఆ పేరు 24 బైట్లలో ఇముడును.

అక్షరములు చెడక చేరినంత మాత్రమున పని ముగియదు. 521235 అను సంఖ్య వచ్చినది. అది రూపాయల మొత్తమా? రసీదు సంఖ్యయా? తిరువూరు పిన్ కోడా? 5-8-1960 అను పుట్టిన తేది వచ్చినది. మనకది ఆగస్టు 5. అమెరికా వారికి మే 8. ఆ తేడా వలన వృద్ధుని వయస్సు మూడు నెలలు మారును. పింఛను ముందు వెనుకలగును.

ఈ చిక్కును తొలగించుటకే 1988లో అంతర్జాతీయ ప్రమాణము సంవత్సరము, నెల, దినము అను వరుసను నిర్ణయించెను. దాని ప్రకారము పై తేది 1960-08-05 అగును. 1998లో వెలువడిన ఎక్స్.ఎం.ఎల్. పద్ధతిలో ప్రతి వివరమునకును ముందొక గుర్తు, వెనుకనొక గుర్తు ఉండును. బస్తాకు కట్టిన చీటి లోని ధాన్యమేదో తెలుపునట్లు, ఆ గుర్తులు లోని వివరము పేరో, తేదియో, పిన్ కోడో తెలుపును. ఏ వివరములు తప్పక ఉండవలెనో, వేనిలో అంకెలే ఉండవలెనో తెలుపు నియమపత్రము వేరుగా నుండును. వచ్చిన పత్రమును దానితో సరిచూచి, కొరతయున్నచో కంప్యూటరు త్రిప్పి పంపును.

చిరునామాలో తప్పున్నను తపాలా బంట్రోతు నలుగురిని అడిగి ఉత్తరము చేర్పగలడు. యంత్రమునకు అట్టి లౌక్యము లేదు. అందుచేతనే ఒడంబడిక ముందుగా జరుగవలెను. అయినను తేదియే తప్పుగా వ్రాసినచో ఏ ప్రమాణమును దానిని దిద్దజాలదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయుట మానవుని బాధ్యత. వ్రాసినది వ్రాసినట్లు చేర్చుటయే ప్రమాణముల పని.