మందు ఇచ్చే ముందు ఐదు ప్రశ్నలు

గల్ఫ్ సంపాదనతో ఊళ్లో కూతుర్నో, కొడుకునో నర్సింగ్ చదివిస్తున్న వాళ్లు మన తెలుగు వాళ్లలో చాలామందే ఉన్నారు. చదువయ్యాక వాళ్లూ ఇటే రావాలని, ఎండలో కాకుండా ఆస్పత్రిలో పనిచేయాలని ఆశ. ఇక్కడ నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్షలో మందులిచ్చే పద్ధతి, మోతాదు లెక్కలు ముఖ్యమైన పాఠాలు. అయితే ఇది మార్కులతో తీరిపోయే సంగతి కాదు.

ఇక్కడి ఆస్పత్రుల్లో నర్సులుగా పనిచేస్తున్న మేము కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట చెప్పే మాట ఒకటుంది. డాక్టరు రాసింది తప్పయితే ఫార్మసీ వాళ్లు పట్టుకోవచ్చు. ఫార్మసీ పంపింది మారితే నర్సు పట్టుకోవచ్చు. నర్సు చేతిలో పొరపాటు జరిగితే ఆపడానికి మిగిలేది రోగి ఒక్కడే. అందుకే ఈ సంగతులు చదువుకునే పిల్లలకే కాదు, మంచం మీద పడుకున్న వాళ్లకూ తెలియాలి.

మందుల పొరపాట్ల వల్ల ప్రపంచానికి ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. వాటిని తగ్గించడానికి నర్సులందరికీ నేర్పే సూత్రం ఒకటే: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం.

పేరు అడిగితే విసుక్కోవద్దు

ఒకే వార్డులో మహమ్మద్‌లు ముగ్గురు, శ్రీనివాస్‌లు ఇద్దరు ఉండొచ్చు. మన వాళ్ల పేర్లతో ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఒకచోట ఉంటాయి. రూమ్‌లో పిలిచే పేరు వేరు, ఆస్పత్రిలో పిలిచే పేరు వేరు.

అందుకే నర్సింగ్ పిల్లలు ‘మీరు శ్రీనివాసేనా?’ అని అడగకూడదు. భాష రానివాడు, జ్వరంతో మగతలో ఉన్నవాడు దేనికైనా తలూపుతాడు. ‘మీ పూర్తి పేరు చెప్పండి’ అనాలి. చెప్పిన పేరును, ఫైలు నంబరును చేతి పట్టీతో, మందుల చార్టుతో సరిచూడాలి. బెడ్ నంబరును నమ్ముకోకూడదు. రోగిని రాత్రికి రాత్రే వేరే బెడ్‌కు మార్చొచ్చు.

లేబుల్ మూడుసార్లు

మందు తీసేటప్పుడు ఒకసారి, సిద్ధం చేసేటప్పుడు ఒకసారి, రోగి దగ్గర ఇచ్చే ముందు ఒకసారి లేబుల్ చదవాలి. డోపమిన్, డోబుటమిన్ లాంటి పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి, పని వేరు. పెన్సిలిన్ లాంటివి పడతాయా లేదా అని ముందే అడగాలి.

కంపెనీ పేరు కాదు, లోపల ఉన్న మందు పేరు చూడాలి. ఇది రూమ్‌లో మీకూ పనికొచ్చే మాట. ఊరి నుంచి తెచ్చుకున్న డోలో, ఇక్కడ కొన్న పనడాల్ రెండూ పారాసెటమాలే. జలుబు మాత్రల్లోనూ చాలావాటిలో అదే ఉంటుంది. ఒకే రోజులో డోలో 650 నాలుగు, పనడాల్ 500 నాలుగు వేసుకుంటే 4,600 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా 24 గంటల్లో 4,000 దాటకూడదు. దాటితే దెబ్బతినేది కాలేయం.

లెక్క తప్పితే

కావలసిన మోతాదును, మన దగ్గరున్న మందు బలంతో భాగించి, ఆ బలం ఎన్ని మిల్లీలీటర్లలో ఉందో దానితో గుణించాలి. బిడ్డకు 150 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఇవ్వాలనుకోండి. 5 మిల్లీలీటర్లలో 125 ఉన్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. 250 ఉన్న సిరప్ అయితే 3 మాత్రమే. సీసా చూడకుండా ‘ఒక చెంచా’ అనుకుంటే మోతాదు తారుమారే.

రాసేటప్పుడు 1.0 అనొద్దు, చుక్క కనబడకపోతే 10 అవుతుంది. ఒకటి కంటే తక్కువైతే చుక్కకు ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. ఇన్సులిన్‌కు ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలి. ఇంగ్లిష్‌లో పొడి అక్షరం ‘యు’ పెడితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది.

ఎర్ర మూత సిరంజి జాగ్రత్త

షుగర్ ఉన్నవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. ఊళ్లో దొరికే ఇన్సులిన్ సీసాల్లో చాలావాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. వాటికి ఎర్ర మూత సిరంజి. ఇక్కడ వాడేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత సిరంజి. ఊరి నుంచి తెచ్చుకున్న ఎర్ర మూత సిరంజితో ఇక్కడి ఇన్సులిన్ 20 గీత వరకు తీస్తే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటే అయితేనే వాడాలి.

ఎటు నుంచి, ఎప్పుడు

మింగేది, నరానికి ఎక్కించేది, చర్మం కింద ఇచ్చేది వేరు వేరు. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నరంలోకి నేరుగా ఇస్తే గుండె ఆగిపోవచ్చు. ఇన్సులిన్, హెపారిన్ వంటి వాటిని ఇద్దరు నర్సులు ఎవరికి వారు లెక్క చూసుకున్నాకే ఇవ్వాలి. మెల్లగా కరిగేలా చేసిన మాత్రలను నలగ్గొట్టకూడదు.

ఎనిమిది గంటలకోసారి అంటే ఎనిమిది గంటలకోసారే. మూడు పూటలా తిండితో పాటు అని కాదు. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు మందుల వేళలు సొంతంగా మార్చుకోకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి.

రాసిపెట్టాలి, దాచకూడదు

మందు ఇచ్చాకే చార్టులో రాయాలి, ముందు కాదు. వేరే వాళ్లు సిరంజిలో తీసిపెట్టిన మందు, పేరు లేని మందు ఇవ్వకూడదు. అనుమానం వస్తే ఆగి అడగాలి. చదువుకునే పిల్లలైతే సీనియర్ నర్సు పక్కన ఉన్నప్పుడే ఇవ్వాలి. పొరపాటు జరిగితే వెంటనే చెప్పాలి. త్వరగా తెలిస్తేనే రోగిని కాపాడే వీలుంటుంది.

ఇక మీరు ఆస్పత్రికి వెళ్లేటప్పుడు బతాకాతో పాటు వాడుతున్న మందుల అట్టలన్నీ పట్టుకెళ్లండి. నాటు మందులైనా సరే, చెప్పండి. నర్సు పదిసార్లు పేరడిగినా చెప్పండి. ఆమె అడగకపోతే ‘సిస్టర్, ఇది దేనికి?’ అని మీరే అడగండి. భాష రాకపోతే మందు చూపించి, చేతి పట్టీ చూపించండి. ఆ మాత్రం సైగ ఏ దేశం నర్సుకైనా అర్థమవుతుంది.