కొత్తగా హోటల్ పనిలో చేరినవారు – తోటివారి వేధింపు

ఇంటి పెద్ద జబ్బుపడి మంచం పట్టినప్పుడు కొడుకో కూతురో సంపాదనకు బయలుదేరవలసి వస్తుంది. పెద్ద చదువు లేకపోయినా త్వరగా దొరికేది హోటల్ పని. తిండికి లోటుండదని ఇంటివారు కూడా నిశ్చింతగా ఉంటారు. కాని వారం తిరగకముందే "నేను ఇక వెళ్ళనమ్మా" అనే పిల్లలు చాలామంది ఉన్నారు. పని బరువు కంటే తోటివారి సూటిపోటి మాటలే వారిని ఎక్కువగా కుంగదీస్తాయి.

ఎందుకిలా జరుగుతుంది?

భోజనాల వేళ వంటగదిలో వేడి, పొగ, కేకలు. పది టేబుళ్ళ ఆర్డర్లు ఒకేసారి వస్తాయి. ఆ సమయంలో కొత్తవారికి పని నేర్పడం పాతవారికి అదనపు భారం. కొత్తవారు తప్పు చేస్తే ఓనరు చేత మాటలు పడేది కూడా వారే. టిప్పులో వాటా తగ్గుతుందని కొందరికి, తమ పనికే ఎసరు వస్తుందని మరికొందరికి భయం. ఈ సంగతి అర్థమైతే "లోపమంతా నాలోనే ఉంది" అనే దిగులు కొంత తగ్గుతుంది.

ఆరోగ్యంపై ప్రభావం

నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, తలనొప్పి, డ్యూటీ వేళకు గుండెదడ కనిపించవచ్చు. ఇంకొక ప్రమాదం ఉంది. తిడతారని భయపడేవారు ఏమీ అడగరు. గిన్నె వేడిగా ఉందా, నేలమీద నూనె ఒలికిందా అని అడగకుండానే పని చేయబోయి గాయపడతారు.

చేయి కాలితే వెంటనే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, సిరా పెట్టరాదు. బొబ్బలు చిదపరాదు. కాలిన గాయం పెద్దదైనా, ముఖం మీద గాని కీళ్ళ మీద గాని ఉన్నా ఆసుపత్రికి తీసుకురండి.

కొత్తవారు పాటించవలసినవి

1. రద్దీ వేళలో వాదన పెట్టుకోవద్దు. రద్దీ తగ్గాక "అన్నా, పొద్దున ఎక్కడ తప్పు చేశానో చెప్పండి, సరిచేసుకుంటాను" అని అడగాలి.
2. టేబుల్ నంబర్లు, ధరలు, సామాన్లు ఉండే చోటు చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఒకే విషయం పదిసార్లు అడిగితే ఎవరికైనా విసుగే.
3. మాస్టర్, సప్లయర్, క్లీనర్ అందరినీ ఒకే మర్యాదతో పలకరించాలి. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయరాదు.
4. వేడి, కత్తి, గ్యాసు విషయంలో మాత్రం తిట్టినా సరే అడిగి తీరాలి.
5. వేధింపు ఆగకపోతే తేదీ, జరిగిన సంగతి రాసుకుని మేనేజర్‌తో ఒంటరిగా మాట్లాడాలి.

ఇంటివారు ఏమి చేయాలి?

"అందరూ పడటం లేదా, ఓర్చుకో" అని ఒక్క మాటతో నోరు మూయించకండి. "రేపే మానెయ్" అని తొందరపడకండి. అన్నం పెట్టి, చెప్పింది చివరిదాకా వినండి. పని చేతికి అలవాటైనకొద్దీ చాలాచోట్ల ఈ చిరాకు తగ్గుతుంది. తగ్గకపోతే వేరే పని చూసుకుని, రావలసిన జీతం అడిగి తీసుకుని మానడంలో తప్పు లేదు. మందుల ఖర్చు గుర్తుచేసి పిల్లలను కట్టిపడేయకండి.

ఓర్చుకోకూడనివి

పని సరిగా చేయలేదని కోప్పడటం వేరు, కొట్టడం వేరు. కొట్టడం, కులం పేరుతో దూషించడం, ఒంటి మీద చేయి వేయడం ఎవరూ సహించనక్కరలేదు. స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు 2013లో చట్టం వచ్చింది. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న హోటల్ అయితే, లేదా వేధించేది ఓనరే అయితే, జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా 3 నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి.

ఎవరితోనూ మాట్లాడకపోయినా, "బతకడం దేనికి" వంటి మాటలు అన్నా తేలికగా తీసుకోకండి. వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. టెలి మానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

రోగికి మందు వేళకు ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఆ మందు కోసం కష్టపడుతున్న బిడ్డను "ఈ రోజు ఎలా గడిచింది?" అని అడగడం కూడా అంతే ముఖ్యం.