ఊపిరి గొట్టం

లారీ ఇంజను గురించి వ్యాసం రాస్తానంటే సంపాదకులు మొదట నవ్వారు. తర్వాత, "ఇంట్లో ఆడవాళ్ళకూ అర్థమయ్యేటట్టు రాయండి" అన్నారు. లారీ నడిపేవాడి ఇంట్లో ఆయిల్ మరకల సంగతి ఆడవాళ్ళకే ముందు తెలుస్తుంది, చొక్కాలు ఉతికేది వాళ్ళే కదా! కనుక ఆ భయం నాకు లేదు. అయినా నేను ఇది రాయడానికి వేరే కారణం ఉంది. అది చివర చెబుతాను.

మాది హోసూరు. ఇరవై ఏడేళ్ళు సొంత లారీ నడిపాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు సరుకు దొరక్క మా బండి రెండు నెలలకు పైగా ఇంటి వెనక చింతచెట్టు కింద నిలిచిపోయింది. ఆ రెండు నెలల్లో ఎలుకలు కాపురం పెట్టి, ఇంజను పక్కన కిందికి వేలాడే ఒక రబ్బరు గొట్టాన్ని కొరికేశాయి. దాన్ని బ్రీదర్ పైపు అంటారు. అసలు పైపు తెప్పిద్దామంటే దుకాణాలు సరిగా తెరవడం లేదు. ఇంట్లో పూలమొక్కలకు నీళ్ళు పెట్టే పచ్చగొట్టం ఉంది. ఒక మూర కోసి, తీగతో కట్టి తగిలించాను. పైసా ఖర్చు లేకుండా పని అయిందని మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

జూన్‌లో బండి కదిలింది. వారం తిరక్కుండా తెల్లవారేసరికి బండి కింద నల్లటి మరకలు కనబడ్డాయి. ఇంజనుకూ గేరు బాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగున చుక్కలు చుక్కలుగా కారుతోంది. అక్కడ కారితే గేరు బాక్సు ఆయిలైనా కావాలి, ఇంజను ఆయిలైనా కావాలి. వేలికి అద్దుకుని వాసన చూస్తే తెలిసిపోతుంది. గేరు ఆయిలుకు గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది. డీజిలు ఇంజను ఆయిలు మసిలాగా నల్లగా ఉంటుంది. మాది ఇంజను ఆయిలే. "బ్యాక్ సీలు పోయింది" అని వర్క్‌షాపులో పిల్లవాడు అన్నాడు. మా వీధి పిల్లవాడే, ఇరవై రెండేళ్ళుంటాయి, నన్ను పెద్దనాయనా అని పిలుస్తాడు.

బ్యాక్ సీలు మార్చడమంటే చిన్న పని కాదు. సీలు ఖరీదు ఎంతో ఉండదు. కానీ దాన్ని చేరుకోవాలంటే గేరు బాక్సు దించాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీలు తీయాలి. పిల్లవాడు చేశాడు. పది రోజులకు మళ్ళీ కారింది. కూలి తీసుకోకుండా రెండోసారి కొత్త సీలు వేశాడు. మళ్ళీ కారింది. ఆ రోజు నేను వర్క్‌షాపుకు పోయి, నలుగురూ చూస్తుండగా, "పని రానివాడి చేతికి స్పానరు ఎందుకిచ్చారయ్యా?" అని అరిచాను. ఇంకా కొన్ని మాటలన్నాను, అవి ఇక్కడ రాయను. యజమాని వాణ్ణి ఇంజను పని నుంచి తప్పించి పంక్చర్లకు పెట్టాడు. నెల తిరక్కుండా వాడు బెంగుళూరు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సేలంలో సగ్గుబియ్యం లోడు ఎత్తుకుని బెంగుళూరుకు వస్తున్నాను. తొప్పూరు ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను గర్జిస్తోంది గానీ బండి కదలడం లేదు. కారిన ఆయిలు తాగి క్లచ్ ప్లేటు జారుతోంది. వెనక వరుసగా లారీలు. క్లీనరు పరుగెత్తి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. ఆ అరగంట నా గుండె చప్పుడు నాకే వినబడింది. ఎలాగో బండి పక్కకు తీయించి, ధర్మపురి నుంచి ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాం. డెబ్బై ఏళ్ళ మనిషి. నేను క్లీనరుతో మాట్లాడుతుంటే విని, "తెలుగువాళ్ళా?" అని అడిగి, ఆ తర్వాత ఒక్క అరవం ముక్క మాట్లాడలేదు.

ఆయన చేసిన మొదటి పని ఏమిటంటే, ఏదీ విప్పకపోవడం. ఇంజనును డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టించాడు. సంచిలోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి ఇంజను పొడుగునా చల్లాడు. మా క్లీనరు నవ్వాడు. "నవ్వద్దు అబ్బాయా, ఆయిలు పైనించి కిందికి కారతాది, గాలికి ముందునించి వెనక్కి పోతాది. కింద మరక చూసి చెప్తే తప్పే. అన్నిటికన్నా పైన ఎక్కడ తడి మొదలయ్యిందో చూడాల" అన్నాడు. ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపించి టార్చి వేసి చూస్తే తెల్ల పౌడరు మీద నల్లటి చారలు స్పష్టంగా కనబడ్డాయి. పైన ట్యాపెట్ కవరు ప్యాకింగు దగ్గర ఒకటి, డిప్‌స్టిక్ మూతి దగ్గర ఒకటి. బెల్ హౌసింగ్ దగ్గరిది మూడోది.

"మూడు చోట్లా ఒకే రోజు చెడిపోవు నాయనా. లోపల ఊపిరాడక తోస్తా ఉంది" అన్నాడాయన.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. సిలిండరులో గాలిని ఇంచుమించు పదిహేడో వంతుకు అదిమితే ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. ఆ పేలుడును పిస్టన్ రింగులు ఎంత గట్టిగా పట్టి ఉంచినా కొంత గాలి, పొగ సందుల్లోంచి కిందికి, ఆయిలు ఉండే గదిలోకి జారుతుంది. కొత్త ఇంజనులోనూ కొంత జారుతుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్ పైపు. మేస్త్రీ దాన్ని ఊపిరి గొట్టం అన్నాడు, నాకు ఆ మాటే నచ్చింది. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. సీళ్ళు ఆయిలును ఆపడానికి చేసినవే గానీ ఆ ఒత్తిడిని ఆపడానికి కాదు. ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిలును వెంటబెట్టుకుని బయటపడుతుంది. అప్పుడు కొత్త సీలు వేసినా అంతే.

మేస్త్రీ ఆయిలు పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టాడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగానే మూత పొంగే అన్నం కుండ మీది మూతలాగా ఎగిరెగిరి పడింది. నా ప్రాణం పోయింది. రింగులు పోయాయి, బోరు పని, లక్షన్నర రూపాయలు అని లెక్క వేసుకుంటున్నాను. ఆయన తొందరపడలేదు. నేను కట్టిన పచ్చగొట్టాన్ని మొదట్లోనే పీకేశాడు. మూత ఎగరడం మానేసి కుదురుగా కూర్చుంది.

తర్వాత గొట్టం చూపించాడు. వేడికీ ఆయిలుకూ మెత్తబడి, ఛాసిస్ మీదుగా వంగిన చోట మడతపడి, కాగితంలా అతుక్కుపోయి ఉంది. చల్లారేకొద్దీ మళ్ళీ గుండ్రంగా అయింది. అందుకే వర్క్‌షాపులో చల్లటి బండి మీద ఎవరు చూసినా తప్పు కనబడలేదు.

గొట్టం పీకినా మూత ఎగురుతూనే ఉంటే ఏం చేయాలని అడిగాను. అప్పుడు కూడా వెంటనే ఇంజను విప్పకూడదట. బ్రేకులకు గాలి కొట్టే కంప్రెసరు రింగులు అరిగినా ఆ గాలి ఇంజనులోకే వస్తుంది. దాని డెలివరీ పైపు విప్పి చూస్తే, మూత శాంతిస్తే దొంగ కంప్రెసరే. ఎయిర్ ట్యాంకు కింద మరతిప్పితే నీళ్ళతోపాటు ఆయిలు వచ్చినా అదే అనుమానం. టర్బో సీలు పోయినా ఇలాగే అవుతుంది. ఇవన్నీ కాదన్నాకనే రింగుల మాట. బ్రీదర్ నుంచి ఆయిలు చినుకుతోందని కొందరు దానికి గుడ్డ కుక్కుతారు. అంతకన్నా బుద్ధితక్కువ పని లేదు (నాది మినహా). 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బళ్ళలో చాలావాటికి ఆ గాలిని వడగట్టి మళ్ళీ ఇంజనుకే పంపే ఏర్పాటు ఉంది. వాటిలో ఆ ఫిల్టరు వేళకు మార్చకపోతే ఇదే జబ్బు వస్తుంది.

సరైన రబ్బరు పైపు వేసి, క్లచ్ ప్లేటు మార్చి, ఇంకొక్క సీలు వేయించాను. బండి అమ్మేదాకా అక్కడ చుక్క కారలేదు.

2021 ఉగాదికి ఆ పిల్లవాడు ఇంటికి వచ్చాడని తెలిసి వెళ్ళాను. జరిగింది మొత్తం చెప్పాను. వాడు అంతా విని, "ఎంత లావు గొట్టం వేసినారు పెద్దనాయనా?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "రెండోసారి కారినప్పుడైనా నేను మూత తీసి చూసిండాల్సింది" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. నాకు వాళ్ళమ్మ ఇచ్చిన కాఫీ గొంతు దిగలేదు.

వాడు చదివింది అరవం బడిలో, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. వాళ్ళ అవ్వ మాత్రం అద్దాలు పెట్టుకుని మన పత్రిక మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. అమ్మా, నలుగురిలో నేనన్న మాట తప్పు. మీ మనవడికి పని వచ్చు. ఇది వాడికి చదివి వినిపించండి.